బెజెల్ ఎక్కిన మేనమామ

ఆ ఆదివారం అభినయ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే కొట్టుకు వెళ్లాలి, పెద్ద మానిటర్ మీద తన బొమ్మను చివరిసారి చూసుకోవాలి, పోటీవాళ్ల ఆన్‌లైన్ ఫోల్డర్‌లో పెట్టాలి, మధ్యాహ్నం గడువు ముగిసేదాకా ఊపిరి బిగబట్టుకుని ఉండాలి. ఇందులో చుట్టాలకు ఏ పనీ లేదు. తమిళనాడులోని ఆ రాజపాళయంలో చుట్టాలకు పని చెప్పని ప్లాను వేసుకోవడం ఎంత సాహసమో ఆ పిల్లకు తట్టలేదు.

ఆరోక్కియరాజ్ ఫ్లెక్స్ కొట్టులో అభినయ డిజైనర్. పెళ్లిళ్లకు, చెవికుట్లకు, పుట్టినరోజులకు బానర్లు కూర్చడం ఆమె ఉద్యోగం. కానీ ప్రాణమంతా బెజెళ్ల మీదే ఉంది. పాతకాలపు వీడియో గేములను ఇప్పటి కంప్యూటర్లలో ఆడుకునేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. ఆ ఆటలు చదరపు టీవీల కోసం పుట్టినవి. ఇప్పటి తెరలేమో అడ్డంగా సాగినవి. అందుకని ఆటకు అటూ ఇటూ నల్లటి పట్టీలు మిగిలిపోతాయి. వాటిని కప్పేలా చుట్టూ వేసే బొమ్మల చట్రమే బెజెల్. నడుమ ఆటకు కిటికీ వదిలేస్తారు.

ఆ ఆటలవాళ్ల సంఘం ఏటా పోటీ పెట్టి ఒక బెజెల్‌ను ఎంచుకుని, ఆటతో పాటే అందరికీ పంచుతుంది. అభినయ ఇప్పటికి రెండుసార్లు పంపి రెండుసార్లూ బోర్లా పడింది. ఈసారీ రాకపోతే ఇక బెజెళ్ల జోలికి పోనని ఒట్టు పెట్టుకుంది. ఈ ఏటి ఆట కొండదారిలో లారీ నడిపేది. అందుకని ఆమె చుట్టూ మబ్బు దిగిన పడమటి కొండలు వేసింది, మిల్లు పొగగొట్టం వేసింది, కింద కుడిమూలన తెల్లటి రాజపాళయం జాతి కుక్కను కూర్చోబెట్టింది. ఆ కుక్క చెవుల మీదే వారాలు గడిచాయి. ఇప్పుడది నిజంగానే లారీ చప్పుడు వింటున్నట్టుంది. మానిటర్ మీద చూసేసరికి అభినయకు కొట్టులోనే గంతులు వేయాలనిపించింది.

"ఏమ్మా, నడుమ ఎవురూ లేరే?" అన్నాడు ఆరోక్కియరాజ్ వెనక నుంచి తొంగిచూసి.

"నడుమ ఖాళీగానే ఉండాల అన్నా. నడుమ మాత్రం చెయ్యి పెట్టొద్దు."

"సరి సరి. నాకేంటికి?"

అప్పుడే అవ్వ జక్కమ్మ ఇడ్లీ క్యారియర్‌తో వచ్చింది. మనవరాలు పొద్దున ఏమీ తినకుండా పరుగెత్తిందని ఆమె బెంగ. క్యారియర్ దించి మానిటర్ వైపు చాలాసేపు చూసింది.

"ఎవురి కల్యాణం?"

"కల్యాణం కాదు అవ్వా. ఇది ఫారిన్‌లో ఉండేవాళ్ళు చూడాల. వాళ్ళకి నచ్చితే ఈపొద్దు సాయంత్రమే చెప్తారు."

"నచ్చితే?"

"నచ్చితే నా బతుకే మారిపోతుంది అవ్వా."

జక్కమ్మ ఇంకేమీ అడగలేదు. అడగవలసిన అవసరం కనపడలేదు. ఫారిన్ సంబంధం, సాయంత్రం మాట చెబుతారు, అందాకా పెళ్లికొడుకు ఫోటో చోటు ఖాళీ. పిల్ల సిగ్గుపడి చెప్పడం లేదు. ఆమె కళ్లు ఒత్తుకుని బయటికి నడిచింది.

అభినయ బొమ్మను పోటీ ఫోల్డర్‌లో పెట్టింది. ఇంతలో మంసాపురంలో కట్టిన బానర్ గాలికి చిరిగిందని పిలుపొస్తే, మానిటర్ అలాగే వదిలి బండెక్కింది.

జక్కమ్మ వీధి మలుపు కూడా తిరక్కముందే సేత్తూరులో ఉన్న కొడుక్కు ఫోన్ చేసింది. "ఎవురికీ చెప్పొద్దు" అని మొదలుపెట్టి మొత్తం చెప్పేసింది.

ఆ కొడుకు బాలుసామి, అంటే అభినయ మేనమామ. ఆ ఊరి ఫ్లెక్సులకు ఒక రాజ్యాంగం ఉంది. ఎడమ పైమూల మేనమామది. తలకాయ సైజు వరస బట్టి, వరసలో తేడా వస్తే మాటలు బంద్. అలాంటిది, బానర్ తయారై మానిటర్ మీద కూర్చుంటే మేనమామకు కబురే లేదు. బాలుసామి పాస్‌పోర్టు ఫోటో జేబులో వేసుకుని బైకు మీద వచ్చిపడ్డాడు.

"నా తల యాడ?" అన్నాడు.

"నడుమ చెయ్యి పెట్టొద్దని చెప్పిపోయింది అన్నా."

"నడుమ మాపిళ్ళకి, పెళ్ళికొడుక్కి. అది నాకు తెలీదా? ఓరాన పెట్టు. పైమూలలో."

"పాపని ఒక మాట అడిగి..."

"అడిగితే సిగ్గుపడుద్ది. పెట్టు."

ఆరోక్కియరాజ్ తన జన్మలో ఏ మేనమామ ఫోటోనూ వెనక్కి పంపలేదు. నడుమ చెయ్యి పెట్టనన్న మాటనూ తప్పదలచలేదు. ఎడమ పైమూల కొండను తవ్వి బాలుసామి తలను నిలబెట్టాడు. తల కొంచెం పెద్దదై, మీసం ఒక్కటే కిటికీలోకి చొరబడింది. ఒక్క మీసానికి దోషం లేదనుకున్నాడు.

బాలుసామి పొంగిపోయి దాన్ని ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. దాన్ని చోళపురంలో పెదనాయన గురుసామి చూశాడు. తల్లివైపువాళ్లకే బానరా అని మొదటి బస్సు పట్టుకుని వచ్చేశాడు.

"కుక్కకి చోటుండాది, నాకు లేదా?" అని ఒకే ప్రశ్న వేశాడు. ఆరోక్కియరాజ్ మౌసు అందుకున్నాడు. కుక్క ఉన్నచోట గురుసామి కూర్చున్నాడు. ఆయన వెనకే వచ్చిన అత్త చెల్లమ్మ, బానర్లో ఆడవాళ్లు ఉండకూడదా అని నిలదీసి మిల్లు పొగగొట్టం మీదికి చేరింది. తక్కినవాళ్లు వాట్సాప్‌లోనే ఫోటోలు పంపి కొండల మీద సర్దుకున్నారు. ఆరోక్కియరాజ్ చెమట తుడుచుకుని, తన పనితనానికి తనే మురిసిపోతూ సేవ్ కొట్టాడు.

గడువు అప్పుడే ముగిసిందన్న ఉత్సాహంలో అభినయ కొట్టులోకి ఉరికొచ్చింది. లోపల చుట్టాలంతా చేతుల్లో మైసూర్‌పాకుతో ఆమెకేసి నవ్వుతున్నారు. ఆమె మానిటర్ చూసింది.

"అన్నా, కుక్క యాడ?"

"మీ పెదనాయన కింద ఉండాది. తియ్యలేదు, మూసినాను."

"సేవ్ చేసినారా?"

"చెయ్యకుండా ఉంటానా? నువ్వు పెట్టిన ఫోల్డర్లోనే చేసినా."

గడువు కాగానే ఫోల్డర్‌కు తాళం పడిపోయింది. ఇక అందులో ఏదుంటే అదే పోటీకి. అభినయ స్టూలు మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. చుట్టాల చేతుల్లో మైసూర్‌పాకు అలాగే ఆగిపోయింది.

"మాపిళ్ళ వద్దన్నాడా?" అన్నాడు బాలుసామి, గొంతు తగ్గించి.

"మాపిళ్ళ లేడు మామా. నడుమ లారీ వస్తుంది."



"సొంత లారీయా, బాడుగదా?" అన్నాడు గురుసామి.

అభినయ అప్పుడు మొదటినుంచి చివరిదాకా చెప్పింది. ఆట, కిటికీ, రెండు ఓటములు, పెట్టుకున్న ఒట్టు, అన్నీ. బాలుసామికి ఆటలు అర్థం కాలేదు కానీ ఏడుపు అర్థమైంది. తన ఒళ్లో కూర్చోబెట్టుకుని చెవులు కుట్టించిన పిల్ల తనవల్లే ఏడుస్తోంది.

"నా తల తీసేయి పాపా. ఆ ఫారిన్‌వాళ్ళ నంబరు ఇయ్యి, నేను మాట్లాడుతా."

"తీసేదానికి లేదు మామా. అయిపోయినాది."

ఎవరూ ఇంటికి కదల్లేదు. భోజనం తెప్పించినా ఎవరూ ముట్టలేదు. సాయంత్రం ఫోన్ మోగేసరికి అందరూ ఒకేసారి లేచారు. అభినయ సందేశం తెరిచి, ఒకసారి చదివి, నమ్మకం కుదరక మళ్లీ చదివింది.

"నాదే సెలెక్ట్ చేసినారు" అంది.

తరువాత వాళ్లు రాసింది బిగ్గరగా తెలుగులో చెప్పింది. కొండలు, చెట్లు అందరూ పంపారట. చుట్టూ పెద్దవాళ్లు నిలబడి మన డ్రైవింగును చూసే బెజెల్ మాత్రం ఇంతవరకూ ఎవరూ చేయలేదట. పరీక్షించినవాళ్లలో ఒకరు, కింద కుడిమూలనున్న ఆయన చూపుకు భయపడి లారీని లోయలోకి తోశారట. గురుసామి కండువా సర్దుకున్నాడు. చెల్లమ్మ అభినయను కౌగిలించుకుంది. ఆరోక్కియరాజ్ ఇదంతా తనకు ముందే తెలుసన్నాడు. అభినయ ఏడుస్తూనే నవ్వింది. అంత సంతోషం ఆమెకు ఎన్నడూ కలగలేదు.

సందేశం చివర ఇంకో వాక్యం ఉంది. ఎడమ పైమూలనున్న ఆయన మీసం సరిగ్గా స్కోరు మీదికి వస్తోంది, ఆయన్ను అడుగు వరసకు దించగలరా, అదొక్కటే మార్పు అని. అభినయ దాన్ని మనసులోనే చదువుకుంది.

"ఇంకేమి రాసినారు?" అన్నాడు బాలుసామి మీసం దువ్వుకుంటూ.

"అంతే మామా."

ఆ ఆట ఆడేవాళ్లకు తమ స్కోరెంతో ఈనాటికీ తెలియదు.