పన్ను ఒకరిది, పీకడం అందరిది

మానవజాతి ఇన్నాళ్లూ పన్నునొప్పితో ఏడ్చిందంటే తప్పు పన్నుది కాదు. దాన్ని పీకే పట్టుకారు ఒక్కరి చేతిలో ఉండిపోవడమే తప్పు. ఈ సత్యాన్ని మా ఊరి వైద్య కళాశాల కనిపెట్టింది. (అందుకు పెద్దలు చాలాసార్లు సమావేశమై, చాలాసార్లు భోంచేయాల్సి వచ్చింది.) పదిమంది చేతిలో పడ్డ పాము చావదన్న సామెతను తక్షణం రద్దు చేస్తూ సర్క్యులర్ వెలువడింది. ఇకనుంచి దంతవైద్యం, నర్సింగు, ఫిజియోథెరపీ చదివే పిల్లలంతా జట్టుగా పనిచేయాలి.

ఇక్కడిదాకా బాగానే ఉంది. నర్సు మాట డాక్టరు చెవిన పడితే ఎంతమంది బతికి బట్టకడతారో నాకు తెలుసు, నేనూ చప్పట్లు కొట్టాను. కానీ మంచి పని కనబడితే చాలు, దానికి నిబంధనలు తొడిగేవాడు ఒకడు పుడతాడు. మా కళాశాలలో పుట్టినాయన పదవి పేరు జట్టుస్ఫూర్తి డైరెక్టరు. తొలి ఉత్తర్వు ఇది: సొంత పని చేసుకోవడం స్వార్థం. కనుక పరీక్ష రోజున ప్రతి విద్యార్థీ పక్కవాడి పనే చేయవలెను. తన పని తాను చేసినవారు ఫెయిలు.

పరీక్షకు పేషెంటుగా ఒక టైలరమ్మ దొరికింది. చెంప బంతిలా వాచింది. మిషను తొక్కిన ప్రతిసారీ ఆ అదురు కాళ్లలోంచి పాకి కింది దవడ పన్నులోకి ఎక్కుతోందట. ఆమెను కుర్చీలో వాల్చారు. పరీక్షకొచ్చిన ముగ్గురి జట్టులోంచి దంతవైద్యం చదివే అమ్మాయి వచ్చి, ఫిజియో పనిగా ఆమె మోకాలు పట్టుకుంది.

"అమ్మాయ్, నొప్పి నోట్లో. కాలితో నీకేం పని?"

"తెలుసు పెద్దమ్మా. కొంచెం చాపండి. లేకపోతే మా ముగ్గురికీ ఏడాది పోతుంది."

"నువ్వు పళ్ల డాక్టరువేగా?"

"మెల్లిగా అనండి. సార్ వింటారు."

ఫిజియో కుర్రాడు నర్సింగు పనిలో పడి, ఆమె చేతికి బీపీ పట్టీ చుట్టి, సైకిలు ట్యూబుకు కొట్టినట్టు గాలి కొట్టసాగాడు. "బాబూ, పన్ను సంగతేమో గానీ చెయ్యి ఊడొచ్చేలా ఉంది" అందామె. నర్సింగు కుర్రాడు పట్టుకారు పుచ్చుకుని నిలబడ్డాడు.

"సార్, నాకు పీకడం రాదు."

"రాదని ఒప్పుకోవడం వినయం" అని డైరెక్టరు మార్కులు వేశాడు. (వచ్చని ఒప్పుకోవడానికి మార్కుల్లేవు.)

ఇంతలో టైలరమ్మ మూలిగింది. డైరెక్టరు చెయ్యెత్తాడు.

"పేషెంటు కూడా జట్టులో సభ్యురాలే. మూలగడం ఆమె సొంత పని. కనుక అది ఇంకొకరు చేయాలి."

బాధ్యత ఫిజియో కుర్రాడికి అప్పగించారు. వాడు మూలిగాడు చూడండి, కారిడార్‌లో జనం ఆగి లోపలికి తొంగిచూశారు. నూటికి నూరు. టైలరమ్మ పళ్లు బిగిద్దామనుకుంది, అదీ నొప్పే. నోరు మూసుకుని కూర్చుంది. కళ్లలోంచి నీళ్లు మాత్రం నిబంధన తెలియక కారిపోయాయి.

అమ్మాయి మోకాలు వదిలి లేచి నర్సింగు కుర్రాడి ముందు చెయ్యి చాపింది. "ఇటివ్వరా అన్నయ్యా. సార్, నా పని నేనే చేస్తున్నాను, రాసుకోండి."

అంతే, ముగ్గురికీ ఒకేసారి బుద్ధి చెడింది. నర్సింగు కుర్రాడు బీపీ మళ్లీ చూసి, మత్తుసూదికి ఇబ్బంది లేదన్నాడు. అమ్మాయి సూది వేసింది. ఫిజియో కుర్రాడు మూలుగు ఆపి టైలరమ్మ మెడకింద దిండు సర్ది, తల కదలకుండా పట్టుకున్నాడు. దవడ మొద్దుబారాక అమ్మాయి పట్టుకారు బిగించింది. పన్ను వచ్చేసింది. టైలరమ్మ దూది కరిచిపట్టి, అమ్మాయి గడ్డం పుణికి, నడుచుకుంటూ వెళ్లిపోయింది.

ముగ్గురూ ఫెయిలు. నేరం: ఎవరి పని వాళ్లు చేశారు, పైగా కూడబలుక్కున్నట్టు చేశారు. రీటెస్టు అదే పేషెంటుతో జరగాలన్నది నియమం.

"ఆమెకిప్పుడు నొప్పి లేదు సార్" అంది అమ్మాయి.

డైరెక్టరు జాలిగుండె కలవాడు. అమ్మాయి భుజం తట్టి ధైర్యం చెప్పాడు. "బెంగపడకమ్మా. ఆవిడ నోట్లో ఇంకా బోలెడు పళ్లున్నాయి."