శాంపిళ్ల కప్పు

పొద్దున్నే అడవిలోని చెరువు గట్టుకు వెళ్లి గుడారం వేసుకోవాలి, మర్నాడు సాయంత్రానికి తిరిగి రావాలి. టార్పాలిన్ల షావుకారు వేసుకున్న పథకం ఇంతే. పెళ్లయిన ఏడాది అదే గట్టు మీద ఆయన రెల్లు కోసి, భార్య శాలువా కప్పి ఒక గూడు కట్టాడు. వానొస్తే దాని లోపలికంటే బయటే నయమనిపించింది. ఇద్దరూ తడుస్తూ పగలబడి నవ్వారు. "వచ్చే ఏడూ వద్దాం" అన్నాడాయన. ఆ వచ్చే ఏడు రావడానికి ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది.

"ఈ రెండ్రోజులూ మీ నోట వ్యాపారం మాట వినబడిందా, అక్కడినుంచే బస్సెక్కేస్తా. మళ్లీ జన్మలో మీతో రాను. ఒట్టేయండి" అంది భార్య, కారెక్కే ముందు. ఆమె ముఖంలో నవ్వు లేదు. షావుకారు గట్టిగానే ఒట్టేశాడు.

గట్టు మీద, సాయానికి వెంట వచ్చిన బావమరిది కొట్టు నుంచి తెచ్చిన మూట విప్పాడు. అందులో గుడారం లేదు. కొట్లో కొనేవాళ్లకు చూపించే శాంపిల్ ముక్కలు, మూరెడేసివి నలభై ఉన్నాయి. ప్రతి ముక్కకూ మూలల్లో ఇత్తడి రింగులు, మందం రాసిన చీటీ.

"ఇదేం మూటరా?"

"అన్నింట్లోకీ బరువైంది చూసి తెచ్చాను బావా. బరువుంటేనే సరుకని రోజూ చెప్పేది మీరే కదా!"

తిడదామంటే సరుకు మాట ఎత్తాలి. షావుకారు కోపం దిగమింగి ఒడ్డున వెతకడం మొదలుపెట్టాడు. కొట్టుకొచ్చిన వెదురుబొంగులు రెండు, ఎవరో పారేసిన గాలపు దారం, పాత సైకిల్ ట్యూబు దొరికాయి. ముక్కల్ని పెంకుల్లా ఒకదాని మీదొకటి పేర్చి, రింగుల్లోంచి దారం దూర్చి కట్టాడు. ట్యూబును పట్టీలుగా కోసి బొంగులకు బిగించాడు.

"అప్పుడూ ఇలాగే నాలిక బయటపెట్టి ముడులేశారు" అంది భార్య, దారం అందిస్తూ.

"అప్పుడు నడుం పట్టేయలేదే."

నలభై రంగుల కప్పు లేచింది. పక్క గుడారంలోని లెక్చరరు వచ్చి ఒక ముక్క తడిమి, చీటీ చదివాడు. "ఇదెంతండీ?"

షావుకారు భార్య వైపు చూశాడు. "నాకు తెలీదు."

"అదిగో ఆ పచ్చది?"

"అదీ తెలీదు."

ఇంత బిగదీసుకుంటున్నాడంటే సరుకు గొప్పదే అయ్యుంటుందని లెక్చరరు తన భార్యను పిలిచాడు. ఆవిడ వెనకే ఇంకో నాలుగు కుటుంబాలు వచ్చాయి. గుంపును చూసి ఫారెస్టు గార్డు వచ్చాడు.

"అడవిలో కొట్టు పెట్టమని ఎవరు చెప్పారు?"

"కొట్టు కాదు బాబూ, ఇల్లు."

"ఇంటికి చీటీలెందుకు? వ్యాపారమైతే ఇప్పుడే ఖాళీ చేయాలి."

"సార్, మా గుడారం ఇచ్చేస్తాం. ఇది మాకిచ్చేయండి" అన్నాడు లెక్చరరు, సమయం సందర్భం చూసుకోకుండా.

షావుకారు రెండు చేతులూ చాచి కప్పుకు అడ్డంగా నిలబడ్డాడు. "మా ఆవిడా నేనూ కలిసి కట్టుకున్నది. ప్రాణం పోయినా ఇవ్వను!"

సరుకు అమ్మనని ఆయన అనడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. గార్డు నమ్మి వెళ్లిపోయాడు. షావుకారు గర్వంగా వెనక్కి తిరిగాడు. భార్య, బావమరిది కలిసి కప్పు ముడులు విప్పుతున్నారు.

"మీరు ఇవ్వనన్నకొద్దీ లెక్చరర్ గారావిడ బేరం పెంచింది. వాళ్ల గుడారం, రెండు మడత కుర్చీలు. నేను సరేనన్నాను."

"మరి ఒట్టు?"

"వేసింది మీరు. నేను కాదు."

సాయంత్రం ఇద్దరూ కుర్చీలు దగ్గరగా వేసుకుని చెరువు చూస్తూ కూర్చున్నారు. షావుకారు కొత్త గుడారం అంచును రెండు వేళ్లతో నలిపాడు. ఒక్క వానకు కూడా ఆగని నాసిరకమని తెలిసిపోయింది, కానీ ఆ మాట బయటికి అందామంటే ఒట్టు తీరడానికి ఇంకా ఒక రోజుంది.