అరువిచ్చిన ఘనత

ఉదయం గడ్డం గీసుకుంటూ పరుపుల షావుకారు ఆ రోజు పని తేల్చుకున్నాడు. సాయంత్రం భాగస్వామి అరవయ్యో పుట్టినరోజు సభలో అతన్ని ఆకాశానికెత్తాలి. అక్కణ్ణుంచి దిగేలోగా, కొత్త దుకాణాన్ని తన కూతురికి అప్పగించేందుకు ఒప్పించాలి. పొగిడితే కరిగిపోవడం ఆ మనిషికి మొదట్నుంచీ ఉన్న గుణం.

చిక్కల్లా పొగడడానికేమీ దొరక్కపోవడమే. ముప్ఫయ్యేళ్ల స్నేహాన్ని తలకిందులు చేసి దులిపినా ఒక్క మంచి పని రాలిపడలేదు. భాగస్వామి సగం జీవితం నమూనా పరుపు మీద పడుకునే గడిపాడు. లేచినప్పుడల్లా ఏదో ఒకటి పాడుచేశాడు. చివరికి షావుకారు తన ఘనకార్యాలే రెండు తీసి అతనికి తొడిగాడు. ఒక్కపూటకేగా అనుకున్నాడు. దానం చేసేవాడి సుఖం కూడా కాస్త కలిగింది.

సాయంత్రం దుకాణంలో పరుపులు గోడవారగా నిలబెట్టి కుర్చీలు వేశారు. రెండు కుటుంబాలూ, పనివాళ్లూ కూర్చున్నారు.

"గోదాములో దూదికి నిప్పంటుకున్న రోజు," షావుకారు గొంతు బరువు చేసుకున్నాడు, "లోపల మేమిద్దరమే ఉన్నాం. వీడు తడిగోనె కప్పుకుని మంటల్లోకి దూకి ఆర్పాడు."

భాగస్వామి తెల్లబోయాడు. తర్వాత తల దించుకున్నాడు. ఎత్తేసరికి కళ్లలో నీళ్లున్నాయి. "గోనె కాదురా, కంబళి," అన్నాడు మెల్లగా.

"ఇంతకీ నిప్పెలా అంటుకుందండీ?" అంది షావుకారు భార్య.

భాగస్వామి సిగరెట్టు వల్లే. ఆ మాట ఇప్పుడెలా చెప్పడం?

"పోనిద్దూ వదినా," అన్నాడు భాగస్వామి పెద్ద మనసుతో. "వాడిదప్పుడు చిన్న వయసు."

ఇద్దరిదీ ఒకే వయసు. అయినా అందరి చూపులూ షావుకారు మీదికి తిరిగాయి. "ఆయన చేతిమీద మచ్చ అదేనన్నమాట," అని ఎవరో గొణిగారు. షావుకారు చెయ్యి జేబులో దాచుకుని, కంగారుగా రెండోది అందుకున్నాడు.

"హోటలు పరుపులన్నీ జానెడు పొట్టిగా వస్తే, వీడే వెళ్లి యజమాని కాళ్లావేళ్లా పడ్డాడు."

కుట్టుమేస్త్రి లేచాడు. "కొలతలు తీసిందెవరు సార్? ఇన్నేళ్లూ ఆ తప్పు నా నెత్తినే ఉంది."

ఆ కొలతలు తీసిన భాగస్వామే నిట్టూర్చాడు. "ఇవాళ నా పుట్టినరోజు మేస్త్రీ. ఒకర్ని చిన్నబుచ్చే మాట నా నోట రానివ్వకు."

షావుకారు అతని ముఖంలో నటన కోసం వెతికాడు. లేదు. ఆ మనిషి నిజంగానే ఆనాటి మంటల వేడి గుర్తుచేసుకుంటూ, నున్నటి అరచేతిని రుద్దుకుంటున్నాడు.

"ఆర్పింది నేను," అన్నాడు షావుకారు, ఇక పట్టలేక. "కాళ్లు పట్టుకున్నదీ నేనే."

భార్య అతని చొక్కా పట్టి లాగింది. "పుట్టినరోజు పూట కూడా ఈ కుళ్లేమిటండీ. కూర్చోండి."

షావుకారు కూతురు లేచి భాగస్వామి దగ్గరికి నడిచింది. "కొత్త దుకాణం నువ్వే చూసుకో బాబాయ్. నేను నీ దగ్గర పని నేర్చుకుంటాను."

"తప్పకుండా తల్లీ. ముందు కొలతలు నేర్పిస్తా."

తర్వాత అతను వచ్చి షావుకారుని గట్టిగా కావలించుకున్నాడు. "బాధపడకురా," అన్నాడు చెవిలో, "నేను ఆ రోజే క్షమించేశాను."

అందరూ చూస్తున్నారు కాబట్టి షావుకారు థాంక్స్ చెప్పాడు.