పాత మేబ్రీ, కొత్త మేబ్రీ

ఆ ఆదివారం పొద్దున ఎల్వుడ్ టిబ్స్ వేసుకున్న పథకం చాలా చిన్నది. చర్చి నుంచి తిన్నగా ఇంటికి రావాలి, హొరేస్ గాడిస్ నోరు మూయించాలి, తర్వాత కోడి వేపుడు తినాలి. మూడోది అతని భార్య ఒడెస్సా చేతిలో ఉంది కాబట్టి అదీ అనుకున్నట్టే జరిగింది, రెండోదే తిరగబడింది.

ఎల్వుడ్ పోస్టాఫీసులో ఉత్తరాలు వేరు చేస్తాడు. హొరేస్‌ది వైన్ స్ట్రీట్‌లో మంగలి షాపు. ఇద్దరూ చిన్ననాటి స్నేహితులు, ఇద్దరూ బ్యాండ్ మాస్టర్ లూషియస్ మేబ్రీకి భక్తులు. తగాదా కూడా ఆ భక్తి దగ్గరే వచ్చింది. పంతొమ్మిది వందల ముప్ఫై ఆరులో మేబ్రీ ‘ప్యాకింగ్ హౌస్ జంప్’ అనే పాట రికార్డు చేశాడు. మొన్న నలభై తొమ్మిదిలో అదే పాటను కాస్త నెమ్మదిగా మళ్లీ రికార్డు చేశాడు. పాతది బంగారం, కొత్తది తగరం అంటాడు ఎల్వుడ్. అసలు పస కొత్తదాంట్లోనే ఉందంటాడు హొరేస్. ఈ వాదం వేడెక్కినప్పుడు సగం గీసిన గడ్డంతో కుర్చీలో కూర్చుండిపోయిన మనుషులు కాన్సస్ సిటీలో చాలామందే ఉన్నారు.

ఇప్పుడు ఆ వాదం తేలక తప్పలేదు. ఏళ్ల తరబడి న్యూయార్క్‌లో ఉండిపోయిన మేబ్రీ ఆ సాయంత్రం ఊరి మ్యూజిషియన్ల హాల్లో వాయిస్తున్నాడు. వేదికెక్కి ఆయన్ని పరిచయం చేసే అవకాశం వీళ్ల రికార్డు క్లబ్బుకి దక్కింది. క్లబ్బులో నోరున్నవాళ్లు ఇద్దరే. అందుకే పందెం వేసుకున్నారు: కళ్లకు గంతలు కట్టుకుని పాతదేదో కొత్తదేదో చెవితో చెప్పగలిగితే ఎల్వుడ్ ఎక్కాలి, పొరపడితే హొరేస్ ఎక్కాలి.

ఎల్వుడ్‌కి ఆ నాలుగు మాటలు తనే చెప్పాలని ప్రాణం కొట్టుకుంటోంది. ముప్ఫై ఆరులో ఆ హాల్లోనే, ఆ పాటకే, ఒడెస్సాతో మొదటిసారి డాన్సు చేశాడు. ఆమె పసుపుపచ్చ గౌను వేసుకుంది. అతని బూటు మడమ ఊడిపోయినా ఆపలేదు. అందుకే పాత రికార్డును ఫ్లానెల్ గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాడు. తీస్తే అరిగిపోతుందని ఏళ్లుగా తను వినలేదు, ఇంకొకళ్లని విననివ్వలేదు. కొత్తదాన్ని తిట్టడానికని కొని, ఒక్కసారి విని, తిట్టి, మళ్లీ దాని మొహం చూడలేదు. కరెంటు మిషన్ సంగీతాన్ని పాడుచేస్తుందని అతని నమ్మకం. ఇంట్లో ఉన్నది చేత్తో కీ తిప్పే పాత గ్రామఫోనే.

“గంతలు గట్టిగా కట్టరా, తర్వాత తొంగిచూశానంటావు,” అన్నాడు ఎల్వుడ్.

“నీ కళ్లు తెరిచున్నా నాకు భయం లేదు బాబూ, నీకు చెవులే లేవు కదా,” అని హొరేస్ బిగించి కట్టాడు.

రోజంతా కత్తి ఆడించే చెయ్యి అతనిది. కీ పూర్తిగా తిప్పేశాడు. తిప్పుతుంటే మోచెయ్యి వేగం మీటకు తగిలి అది బాగా వేగం పెంచే చివరికి జరిగింది. ఆ సంగతి అతను చూసుకోలేదు. కొత్త రికార్డు పెట్టి సూది వదిలాడు.

బరబరమని మోత, దాని వెనక బ్యాండు, మధ్యమధ్యలో టిక్కు టిక్కుమని ఒక చప్పుడు. పాట గుర్రంలా పరిగెత్తింది.

ఎల్వుడ్ మొహం వెలిగిపోయింది. “ఇదీ! ఇదిరా ముప్ఫై ఆరు!”

హొరేస్ చేతిలో ఉన్న రికార్డు అట్ట చూసుకున్నాడు. నవ్వు తన్నుకొచ్చింది, మింగేశాడు. “నిజమేనా? సరిగ్గా విను.”

“వినేదేముంది? ఆ టిక్కు విన్నావా? డ్రమ్మర్ కర్రతో అంచు మీద కొడుతున్నాడు. ఇప్పటి డ్రమ్మర్లకి తలకిందులుగా నిలబడ్డా రాదది!”

వంటింట్లోంచి ఒడెస్సా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “ఏమయ్యా, ఆ టిక్కు...”

“ఉండవే, మంచి ముక్క వస్తోంది.”

“అది డ్రమ్మర్ కాదయ్యా...”

“ఒడెస్సా! నీకు కోళ్ల సంగతి తెలుసు, నాకు డ్రమ్ముల సంగతి తెలుసు.”

ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. పెళ్లయి ఇన్నేళ్లయ్యాక మొగుణ్ణి గోతిలో పడకుండా ఎన్నిసార్లు ఆపాలో ఆవిడకి ఒక హద్దుంది.

హొరేస్ మాత్రం గొయ్యి ఇంకాస్త తవ్వుదామనుకున్నాడు. ఇలాంటి వినోదం ఒక్కడూ అనుభవించడం పాపమని కిటికీ తెరిచి, చర్చి నుంచి ఇళ్లకు పోయేవాళ్లను కేకేశాడు. “రండయ్యా, ఎల్వుడ్ సంగీతం పాఠం చెబుతున్నాడు, ఫీజు లేదు!” ఆదివారం టోపీలు, విసనకర్రలు ముందు గది నిండా చేరాయి. అడుగుల చప్పుడు విన్నకొద్దీ ఎల్వుడ్‌కి ఊపొచ్చింది. కుర్చీలోంచి లేచి, గంతలతోనే పాస్టర్‌గారిలా చేతులు చాచాడు.

హొరేస్ పాత రికార్డు పెట్టాడు. నవ్వు ఆపుకునే హడావిడిలో మళ్లీ కీ తిప్పడం మరిచిపోయాడు. స్ప్రింగు అప్పటికే సగం ప్రాణం వదిలింది. అద్దంలా శుభ్రమైన శబ్దంతో పాట నీరసంగా కదిలింది.

“ఇదిగో, ఇదీ కొత్త మేబ్రీ!” అన్నాడు ఎల్వుడ్. “వినండి, ఆవులిస్తూ వాయిస్తున్నాడు. పొట్ట నిండిన మనిషి సంగీతం ఇది. పాతదాంట్లో ఆకలుంది, ఇందులో అజీర్ణం ఉంది!”

గదిలో చడీచప్పుడు లేకుండా పోయింది. తన మాటల బలమే అనుకున్నాడు ఎల్వుడ్. నిజానికి గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకుని ఒక బక్కపలచని పెద్దాయన నిలబడి ఉన్నాడు. హాలు ఎటో అడగడానికి ఆగి, కిటికీలోంచి తన పాటే వినిపిస్తుంటే ముందు పెట్టినదాన్ని బయటే నిలబడి విని, రెండోదానికి లోపలికొచ్చాడు.

“అజీర్ణం కాదు నాయనా,” అన్నాడాయన. “అది రికార్డు చేసిన రోజు నా జేబులో ఒక్క బిస్కట్టుంది. దాన్ని కూడా ట్రంపెట్ వాయించేవాడు కాజేశాడు.”

ఆ గొంతు ఎల్వుడ్‌కి తెలుసు. గంతలు లాగేశాడు. ముందు మేబ్రీని చూశాడు, తర్వాత తిరుగుతున్న రికార్డు మీద పేరు చీటీని చూశాడు. హొరేస్ అంతసేపూ మింగిన నవ్వు ఒక్కసారిగా బయటపడింది, దాని వెనకే గదంతా నవ్వింది. ఎల్వుడ్‌కి భూమి నోరు తెరిస్తే బాగుండుననిపించింది.

“మాస్టారూ, నేను... అంటే ఆ ముందు పెట్టింది...”

“అది కొత్తది. దాన్ని అంత మెచ్చుకున్నవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను. పేపర్లన్నీ దాన్ని చీల్చి చెండాడాయి.” మేబ్రీ వంగి వేగం మీటను సరిచేశాడు. “మీ మిషన్ మా బ్యాండు వయసు తగ్గించిందిలే. ఇంతకీ ముందు పెట్టినదాంట్లో ఆ టిక్కు ఏమిటమ్మా? మా డ్రమ్మర్ పని కాదది.”

ఒడెస్సా వంటింటి గుమ్మం దగ్గరే నిలబడి చెప్పింది. “ఇస్త్రీపెట్టె తీగ తగిలి సూది జారింది మాస్టారూ, అప్పుడు పడ్డ గీత. ఈయన పనికి పోగానే రోజూ అదే పెట్టుకుంటాను. పాతది ముట్టుకోనివ్వడు. ముట్టుకోనిచ్చినా దాంతో పరిగెత్తలేను, మోకాళ్లు ఒప్పుకోవు. ఇదైతే ఇస్త్రీబల్ల చుట్టూ మెల్లగా తిరుగుతూ డాన్సు చేసుకోవచ్చు.”

“ఒక్కదానివేనా?” అన్నాడు ఎల్వుడ్.

“మరెవరితో? నువ్వు కుర్చీలో కూర్చుని వింటావుగా.”

తను పదిలంగా దాచుకున్న మనిషి పసుపుపచ్చ గౌనులో బీరువాలో ఉందనుకున్నాడు ఎల్వుడ్. ఇన్నాళ్లూ ఆమె పక్క గదిలో ఒంటరిగా అడుగులు వేసుకుంటోంది.

మేబ్రీ కుర్చీలో కూలబడ్డాడు. “అప్పట్లో మాకు భయం ఎక్కువ, అందుకే పరిగెత్తేవాళ్లం. తర్వాత ఒకరోజు స్టేజీ మీంచి చూస్తే, నాతో మొదలైనవాళ్లంతా రెండు పాటలకే గోడవారగా చేరుతున్నారు. వాళ్లు మళ్లీ లేవాలనే నెమ్మది చేశాను. పేపర్లవాళ్లు డాన్సు చెయ్యరు కదా, వాళ్లకి తెలీలేదు.”

హొరేస్ ఈసారి సరిగ్గా కీ తిప్పి, కొత్త రికార్డు మళ్లీ పెట్టాడు. ఎల్వుడ్ తన భార్య ముందుకెళ్లి చెయ్యి చాచాడు. పిండి అంటిన చేతినే అందించిందామె. కుర్చీలు జరిగాయి. టిక్కు పడ్డ ప్రతిసారీ ఆమె అడుగు సరిగ్గా దాని మీదే పడుతోంది, దానికి అంతగా అలవాటు పడింది. ఎల్వుడ్ ఆ పాటను మొదటిసారి విన్నాడు, కళ్లు తుడుచుకోవడానికి కూడా ఆగలేదు.

పందెం ప్రకారం సాయంత్రం వేదిక హొరేస్‌దే. అతను టై కూడా కట్టుకున్నాడు. కాని మేబ్రీ ఒప్పుకోలేదు. “ఇంతమందిలో నన్ను మొహం మీద తిట్టినవాడు ఆయనొక్కడే. ఆయనే చెప్పాలి,” అన్నాడు. రెండేళ్లు ఒంటి చేత్తో కొత్త రికార్డును మోసిన హొరేస్ వెనక వరసలో కూర్చున్నాడు.

ఎల్వుడ్ రాసుకున్న ఉపన్యాసం జేబులోంచి తియ్యలేదు. “అప్పుడు ఈయన మనల్ని పరిగెత్తించాడు,” అన్నాడు. “ఇప్పుడు మనకోసం ఆగాడు. లేవండి.” అని వేదిక దిగి ఒడెస్సా దగ్గరికి వెళ్లిపోయాడు. గోడవారగా ఉన్న కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి.

మర్నాటి నుంచి కొత్త మేబ్రీకి సాటి లేదని ఎల్వుడ్ ఊరంతా చెప్పడం మొదలుపెట్టాడు కాబట్టి, క్లబ్బు మూతపడకుండా ఉండడానికి హొరేస్ పాత రికార్డే గొప్పదని వాదిస్తున్నాడు.