నిలబడేవాడి నడక

గుడ్ ఫ్రైడే ఉదయం వెట్లే వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి కారు దిగి స్కీలు తొడుక్కోవాలి. పదకొండు కిలోమీటర్లు పోయి, పదింటికల్లా కొండ మీద ఆస్‌మున్ గారి సెలవుల ఇంట్లో కాఫీ తాగాలి. సాయంత్రం ఐదింటికి భోజనాల దగ్గర, వాళ్ళమ్మాయి ఇడున్‌ని జూన్‌లో పెళ్ళి చేసుకోబోతున్నానని అందరి ముందూ చెప్పాలి. ఇందులో అతనికి భయం వేసింది ఆఖరి పని గురించే. మొదటి రెండింటి గురించి కూడా భయపడాలని పాపం అతనికి అప్పటికి తెలియదు.

మా నార్వేలో స్కీలు తొడిగేవాళ్ళు రెండు జాతులు. లిఫ్టులో కొండ కొమ్ముకి పోయి అక్కణ్ణించి రివ్వున కిందికి జారేవాళ్ళని 'స్కీల మీద నిలబడేవాళ్ళు' అంటాం. ఎత్తూ పల్లం అనకుండా అడవులూ గుట్టలూ పట్టుకుని కాళ్ళతో తోసుకుంటూ పోయేవాళ్ళని 'స్కీల మీద నడిచేవాళ్ళు' అంటాం. ఈ రెండు జాతులకీ ఒకరంటే ఒకరికి గిట్టదు.

ఆస్‌మున్ నడిచేవాడు. పద్దెనిమిదేళ్ళుగా లోయలోని నడక సంఘానికి అధ్యక్షుడు. స్కీల అడుగున రాసే మైనం విషయంలో ఆయన మాటకి తిరుగులేదు. పొద్దున్నే గుమ్మంలో నిలబడి గాలి వాసన చూసి, ఆ రోజుకి ఏ రంగు మైనం రాయాలో చెప్పేస్తాడు. నిలబడేవాళ్ళంటే ఆయనకి చిన్నచూపు. "పైకి మిషను లాగుతుంది, కిందికి భూమి లాగుతుంది. మధ్యలో వీళ్ళు పొడిచేదేంటి?" అంటాడు.

వెట్లే నిలబడేవాడు. అక్కడితో ఆగినా బాగుండేది. రెండు గంటల దూరంలో ఉన్న ఒక వాలు దగ్గర ఆ లాగే మిషను నడిపేవాడు కూడా అతనే.

ఎనిమిది నెలల కిందట ఫోనులో ఆస్‌మున్ అడిగిన మొదటి ప్రశ్న, "ఏవయ్యా, స్కీల మీద నడుస్తావా?" అని.

"మూడేళ్ళప్పట్నించీ స్కీల మీదే ఉన్నానండి," అన్నాడు వెట్లే. అబద్ధం కాదు. నడవడం అన్న ముక్కని మాత్రం మింగేశాడు.

"ఉద్యోగం?"

"మంచులోనేనండి."

"మంచిది," అన్నాడు ఆస్‌మున్. ఆ 'మంచిది' వెట్లేకి ఎంత హాయిగా అనిపించిందంటే, తర్వాత ఎనిమిది నెలల పాటు ఏ ఫోనులోనూ దాన్ని చెడగొట్టుకోలేకపోయాడు.

తల్లిదండ్రులతో కలిసి ముందురోజే కొండెక్కిన ఇడున్, అక్కణ్ణించి ఫోను చేసి తెగేసి చెప్పింది. "రేపు భోజనాల లోపు నువ్వే చెప్పాలి వెట్లే. లేదంటే నేను చెప్తాను. నువ్వు నిలబడేవాడివని కాదు, ఎనిమిది నెలలు దాచావని చెప్తాను. అప్పుడు పెళ్ళి మాట నువ్వూ ఎత్తవు, నేనూ ఎత్తను."

ఆ రాత్రి వెట్లేకి సరిగ్గా నిద్ర పట్టలేదు. కనీసం స్కీలైనా శుభ్రంగా ఉంటే ఆయన కొంచెం మెత్తబడతాడేమోనని, లేచి స్నేహితుడి దగ్గర అరువు తెచ్చుకున్న నడక స్కీలకి మైనం పెట్టాడు. పదిహేనేళ్ళుగా తన స్కీలకి ఎలా పెడుతున్నాడో అలాగే, ఈ కొస నుంచి ఆ కొస దాకా జారుడు మైనం కరిగించి, ఇస్త్రీ చేసి, గుడ్డతో తుడిచాడు. నడక స్కీకి సరిగ్గా పాదం కింద జానెడు మేర జిగురులాంటి పట్టు మైనం రాయాలని, కాలు తోసినప్పుడు మంచుని పట్టుకునేది అదేనని అతనికి ఎవరూ చెప్పలేదు. వాళ్ళ జాతిలో దాని అవసరమే లేదు మరి.

బాట మొదట్లోనే చిన్న ఎక్కుడు ఉంది. వెట్లే కుడికాలితో తోశాడు. కాలు వెనక్కి పోయింది. ఎడమకాలితో తోశాడు. అదీ వెనక్కే పోయింది. మడమ స్కీకి అతుక్కుని ఉండకుండా చెప్పులో కాలులా లేచిపోతోంది. కాసేపు కష్టపడ్డాక చూసుకుంటే, బయల్దేరిన చోటుకి నాలుగడుగులు వెనకాల ఉన్నాడు. పక్కనించి ఒక ముసలాయన ఈస్టర్ శుభాకాంక్షలు చెప్పి సునాయాసంగా పైకి పోయాడు.

కాళ్ళతో పని జరగదని తెలిశాక వెట్లే చేతులకి పని చెప్పాడు. రెండు కర్రలూ ఒకేసారి మంచులో గుచ్చి ఒళ్ళంతా వంచి లాగాడు. కదిలాడు. మళ్ళీ గుచ్చి మళ్ళీ లాగాడు. మరీ నిటారుగా ఉన్నచోట స్కీల ముక్కులు ఎడంగా పెట్టి బాతులా ఎక్కాడు. ఇదేనన్నమాట వీళ్ళ నడక, ఇంత హింస పడుతూ పైగా గొప్పలేంటి అనుకున్నాడు. గంటన్నరకి రెండు కిలోమీటర్లు అయింది. పదింటి కాఫీ పోయింది. ఆలస్యమైతే ఆస్‌మున్ కారణం అడుగుతాడు, అడిగితే ఏం చెప్పాలి అన్న బెంగ పట్టుకుంది.

స్కీలు విప్పి మంచులో నిలబెట్టి, నారింజపండు ఒలుచుకుంటూ కూలబడ్డాడు. అప్పుడొచ్చింది బోర్గిల్. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, ఆస్‌మున్‌కి పక్కింటామె, నడక సంఘం కార్యదర్శి. ఎవరి స్కీలు కనపడినా అడుగు భాగం తడిమి చూడటం ఆవిడకి అలవాటు. తడిమింది. మళ్ళీ తడిమింది.

"నాయనా, మధ్యలో పట్టు మైనం లేదే?"

పట్టు మైనం అంటే ఏమిటని అడిగితే తన జాతి బయటపడుతుంది. "నేనది వాడనండి," అన్నాడు వెట్లే.

"ఎప్పుడూ వాడవా?"

"ఎప్పుడూ వాడలేదండి."

"మరి ఎక్కుళ్ళు ఎలా ఎక్కుతావు?"

"చేతుల్తోనేనండి."

బోర్గిల్ నోరు తెరిచింది. పట్టు మైనం రాయకుండా ఒట్టి స్కీల మీద, ఉత్త చేతుల బలంతో కొండలెక్కేవాళ్ళు మా దేశంలో లేకపోలేదు. కానీ వాళ్ళు దూరపు పందేలు గెలిచే మొనగాళ్ళు. మామూలు మనిషి ఎవడూ కావాలని ఆ పని పెట్టుకోడు.

"ఇంతకీ ఎక్కడిదాకా?"

"ఆస్‌మున్ గారింటికండి."

"ఇడున్ కుర్రాడివి నువ్వేనా? మరి ఇంత మెల్లగా పోతున్నావేం?"

"ఇవాళ్టికి మెల్లగానే పోదామని," అన్నాడు వెట్లే.

"భేషైన పని. సాధన రోజు మెల్లగానే పోవాలి. ఇప్పటి పిల్లలు వినరు గానీ, ముందు నించీ దంచేసి పందెం నాటికి పడకేస్తారు," అని మెచ్చుకుని బోర్గిల్ ముందుకి సాగింది. ఆవిడ వేగంగా పోతుంది, అంతకన్నా వేగంగా మాట్లాడుతుంది.

ఇక అక్కణ్ణించి బాట మీద వెట్లేకి జరిగిన మర్యాద ఇంతా అంతా కాదు. ఎదురొచ్చినవాళ్ళు స్కీల కోసం మంచులో చెక్కిన గాడి వదిలి పక్కకి తప్పుకున్నారు. ఒకావిడ భర్తని మోచేత్తో పొడిచి, "చూడండి, ఆ భుజాలు చూడండి," అంది. ఇంకొకాయన వేడి పానీయం పోసిచ్చి ఫొటో తీసుకున్నాడు. తన గురించి అందరికీ తెలిసిపోయిందని, వెక్కిరిస్తున్నారని అనుకున్నాడు వెట్లే. ఈపాటికి ఆస్‌మున్‌కీ తెలిసిపోయి ఉంటుందని తల వంచుకుని మరింత గట్టిగా కర్రలు గుచ్చాడు.

ఏడో కిలోమీటరు దగ్గర బాట కిందికి దిగింది. అమ్మయ్య, ఇది నా సొత్తు అనుకుని మోకాళ్ళు వంచాడు. ఇనప అంచులు లేని ఆ సన్నటి చెక్కలకి అతని సంగతి తెలియదు కదా, మలుపు తిరగమంటే తిరగలేదు. మడమలు లేచిపోయాయి, గాడి తప్పింది, భుజాల దాకా మంచులో కూరుకుపోయాడు. అక్కడున్న ఇద్దరు మగవాళ్ళు చెయ్యి అందించకుండా ఆగిపోయారు.

"పడ్డాడా?"

"ఊరుకో, వాళ్ళెందుకు పడతారు. గాడి బయట మంచు ఎంత లోతుందో చూస్తున్నాడు. రేపు మన జట్టు పోటీ ఉందిగా."

మంచులో ఉండటం వల్ల ఆ ఆఖరి మాట వెట్లేకి వినపడలేదు.

మూడున్నరకి ఇల్లు చేరేసరికి చేతులు రెండూ తనవి కానట్టు వేలాడుతున్నాయి. గుమ్మంలో ఆస్‌మున్, పక్కన బోర్గిల్, వెనకాల సంఘం పెద్దలు ఇద్దరు, అందరికన్నా వెనకాల ఇడున్. ఐదున్నర గంటల ఆలస్యానికి ఏం చెప్పాలో దారి పొడుగునా తయారు చేసుకున్నదంతా ఒక్కసారిగా మర్చిపోయాడు.

ఆస్‌మున్ చెయ్యి పట్టుకుని ఊపాడు. "ఒట్టి స్కీల మీద వచ్చావటగా."

"ఎవరు చెప్పారండి?"

"ఎవరు చెప్పలేదో అడుగు. రేపు పక్క లోయ వాళ్ళతో మనకి నలుగురి పోటీ ఉంది. మూడోవాడు భుజం పట్టేసి పడుకున్నాడు. నీ పేరు రాసేశాను."

"ఏడేళ్ళయింది నాయనా మనం వాళ్ళని ఓడించి," అంది బోర్గిల్ కళ్ళొత్తుకుంటూ.

వెట్లే లెక్క వేసుకున్నాడు. ఇప్పుడు నిజం చెబితే ఆస్‌మున్ ఇంత మంది ముందు నవ్వులపాలవుతాడు. చెప్పకపోతే రేపు లోయ లోయంతా నవ్వులపాలవుతుంది. వంటింట్లో ఇడున్ అతని చెయ్యి పట్టుకుని మూలకి లాగింది.

"నాన్నకి ఏం చెప్పావు నువ్వు?"

"ఏమీ చెప్పలేదు. వచ్చిన గొడవంతా అదే."

"మొనగాడివా నువ్వు? సిగ్గులేదూ? ఐదింటికి భోజనాలు. గంటన్నర కూడా టైము లేదు."

"అంతమందిలో ఎలా చెప్పను ఇడున్? ఆయన మొహం చూశావా, ఎంత సంతోషంగా ఉందో."

"ఆ సంతోషం చూసే నాకూ ఏడుపొస్తోంది. వెళ్ళి చెప్పు," అంది. ఆమెకి నిజంగానే కళ్ళు తడిగా ఉన్నాయి. ఎనిమిది నెలల్లో వెట్లే ఆమెని అలా చూడటం అదే మొదటిసారి, దాంతో అతనికి ఇంకే దారీ మిగల్లేదు.

ఆ సమయంలోనే ఆస్‌మున్ పెరట్లోంచి కేకేశాడు. "అబ్బాయ్, ఒకసారి మైనం రాసే కొట్టుగదిలోకి రా."

వెళ్ళాడు. ఆస్‌మున్ తలుపు మూసి గడియ పెట్టాడు, కిటికీకి గోనెగుడ్డ దింపాడు. అంతా తెలిసిపోయిందని వెట్లేకి అర్థమైపోయింది.

"మీకొక మాట చెప్పాలండి," అన్నాడు వెట్లే.

"ముందు నేను చెప్తాను. నువ్వు పెద్ద పందేల్లో తిరిగినవాడివి, అర్థం చేసుకుంటావు." ఆస్‌మున్ గోడకి ఆనించిన తన స్కీలు తీసి తిరగేశాడు. పాదం కింద మైనం లేదు. పిల్లి ఒంటి మీద బొచ్చులాంటి పట్టీ అతికించి ఉంది. మైనం రాయడం చేతకానివాళ్ళు కొనుక్కునే రకం అవి. వాటిని పెట్టుకు తిరిగేవాళ్ళని ఆస్‌మున్ సంఘం సమావేశాల్లో పేరు పెట్టి మరీ ఏకుతాడు.

"నాకు వాసన తెలియదయ్యా," అన్నాడు ఆస్‌మున్. "ఏడేళ్ళ కిందట పెద్ద జలుబు చేసింది, దాంతో పోయింది ముక్కు. ఏ మైనం రాసినా వెనక్కి జారాను. చివరికి ఇవి కొనుక్కున్నాను. ఇంటావిడకి కూడా తెలియదు."

"మరి రోజూ ఏ రంగో చెప్తారటగా?"

"అడగడానికి వచ్చేవాళ్ళు ముందే రాసుకుని వస్తారు. ఏం రాశారో ఓరకంట చూసి అదే చెప్తాను. సంతోషంగా పోతారు."

"పోటీలకో?"

"పోటీలకి జట్టు మొత్తానికి నేనే రాయాలి, ఆనవాయితీ. ఏదో ఒకటి రాస్తాను. ఓడిపోతున్నాం." ఆస్‌మున్ స్టూలు మీద కూలబడ్డాడు. "నా మైనం అక్కర్లేనివాడు ఒక్కడైనా ఉంటే ఆ ఒక్కడైనా ముందుకి పోతాడు కదా. నువ్వు వస్తున్నావనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. పేరు అందుకే రాశాను."

వెట్లే ఆ పిల్లిబొచ్చు పట్టీని వేలితో తడిమి చూశాడు. ఇంత నమ్మి చెప్పిన మనిషి దగ్గర ఇంక దాచడానికి అతనికి మనసు రాలేదు.

"నేను నడిచేవాణ్ణి కాదండి. నిలబడేవాణ్ణి. పట్టు మైనం అనేదొకటి ఉందని ఇవాళ పొద్దున దాకా నాకు తెలియదు. తెలియక రాయలేదు."

ఆస్‌మున్ అతని చేతుల వంక చూశాడు. "పదకొండు కిలోమీటర్లూ చేతుల్తోనే వచ్చావా?"

"వెనక్కి జారినవి కూడా కలిపితే ఇంకా ఎక్కువేనండి."

"మంచులో ఉద్యోగమన్నావు?"

"లిఫ్టు నడుపుతానండి."

ఆస్‌మున్ కళ్ళు మూసుకున్నాడు. వెట్లే తన స్కీలు చంకలో పెట్టుకున్నాడు. "నన్ను క్షమించండి. ఇడున్ తప్పేం లేదు. నేను కారు దగ్గరికి వెళ్ళిపోతాను," అని గడియ మీద చెయ్యి వేశాడు.

"ఆగు. నీ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"ఇడున్‌కండి."

"నా సంగతి?"

"నా ఒక్కడికే."

"మరి నిన్ను కారు దగ్గరికి ఎలా పంపుతానయ్యా?" అన్నాడు ఆస్‌మున్ లేచి నిలబడి. ఆ కొట్లో అటూ ఇటూ రెండుసార్లు తిరిగి, వెట్లే చంకలోంచి స్కీలు తీసి తనవాటి పక్కనే గోడకి ఆనించాడు. "నువ్వు దగ్గగలవా?"

"దగ్గడమా అండీ?"

"దగ్గూ గొంతునొప్పీ ఉన్నవాణ్ణి పందెంలోకి దింపితే గుండెకి ప్రమాదం. మా సంఘం నియమం అది, నేనే రాశాను. ఏదీ, ఒకసారి దగ్గు."

వెట్లే దగ్గాడు. ఆస్‌మున్‌కి నచ్చలేదు, ఛాతీలోంచి రావాలన్నాడు. నాలుగోసారికి కుదిరింది. ఆ దగ్గు పెరటి దాకా వినపడి, బోర్గిల్ తన ఇంట్లోంచి వేడి వేడి నల్ల ద్రాక్ష పానకం పట్టుకుని పరుగున వచ్చింది. "ఇంత చెమట పట్టి చలిలో కూర్చుంటే రాదూ మరి," అని వెట్లేని తిట్టి, గొంతుకి తన మఫ్లరు చుట్టి, జాబితాలో పేరు కొట్టేయడానికి ఏడుస్తూనే వెళ్ళింది.

ఐదవడానికి ఐదు నిమిషాలుందనగా ఇడున్ మెట్ల మీద ఎదురొచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"చెప్పావా?"

"మొత్తం చెప్పాను. లిఫ్టు సంగతీ, జూన్‌లో పెళ్ళి సంగతీ కూడా."

"నాన్న ఏమన్నారు?"

"జూన్ దాకా ఎందుకు, మే నెలలోనే కానిచ్చేయమన్నారు," అన్నాడు వెట్లే దగ్గుతూ. "కాపురానికి కూడా ఎక్కడికీ పోవద్దట, తన కళ్ళ ముందే ఉండాలట."

తన తండ్రి మంచితనం మీద ఇడున్‌కి మొట్టమొదటిసారి అనుమానం వచ్చింది.