పెరగకూడని ఎలుకలు

పదింటికి ఎగ్జామినర్ వచ్చేలోగా ఎనిమిది ఎలుకలను తూచి ఎనిమిది అంకెలు రాసుకోవడం, ఆ ఉదయం పరిశోధక విద్యార్థినికి ఉన్న పని అంతే. నాలుగు నెలల కిందట వాటి మెదడు అడుగునుంచి ఆవగింజంత పిట్యూటరీ గ్రంథిని తనే తీసేసింది. అది లేని ఎలుక ఎదగదు, పిల్లంతే ఉండిపోతుంది. ఎదిగిందంటే గ్రంథి ముక్క లోపల మిగిలిందన్నమాట. అప్పుడు పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే, పట్టాతో సహా.

మొదటి ఎలుక రెండు వందల నలభై గ్రాములు తూగింది. శనివారం అది వంద.

త్రాసును తిట్టుకుని పక్క ల్యాబునుంచి ఇంకొకటి తెచ్చింది. అది మరో రెండు గ్రాములు ఎక్కువే చూపించింది. మిగతా ఏడూ అంతే.

"బాబాయ్, వీటికేం పెట్టారు?"

ఎలుకల గది చూసే బాబాయ్ అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పే మనిషి. "రోజూ పెట్టే మేతేనమ్మా."

ఇంతలో గైడు తల లోపలికి పెట్టాడు. "సార్ మెట్లెక్కుతున్నారు. మనవి గ్రాము కూడా పెరగలేదని చెప్పేశా. రెడీయేనా?"

"రెడీ సర్" అంది నోరు, ఆమెను అడక్కుండానే.

ఇక వెనక్కి తగ్గే దారి లేదు. చివరి అరలో 'పిల్లలు' అని చీటీ ఉన్న పంజరంలో సరిగ్గా ఎనిమిది చిన్న ఎలుకలు కనిపించాయి. చీటీ పీకేసి, తన చీటీ అంటించి, పంజరాన్ని బల్లమీద పెట్టింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

ఎగ్జామినర్ పంజరంలోకి చూశాడు. "బాగున్నాయి. ఒకదాన్ని కోసి చూద్దామా?"

ఎలుక తల తెరిచి, భూతద్దం పట్టుకుని, ఆయన ఎంతకీ తల ఎత్తలేదు. నిజం ఒప్పేసుకుందామని ఆమె నోరు తెరిచింది.

"ముక్క కూడా మిగల్లేదు. ఇంత శుభ్రంగా తీసినవాళ్లను నేను చూడలేదమ్మా" అన్నాడాయన.

వాళ్లు టీకి వెళ్లాక ఆమె స్టూలుమీద కూలబడింది.

"బాబాయ్, ఈ పిల్లలు ఎక్కడివి?"

"నీవే కదమ్మా. నిన్న పంజరాలు కడిగి, ఎప్పట్లాగే సైజుల వారీగా సర్దా. పెద్దవాటి అరలో ఇంత చిన్నవి ఉంటే పిల్లలనుకుని అటు మార్చి, నీ పంజరంలో పెద్దవి పెట్టా."

ఆమె జీవితంలో చేసిన మొదటి మోసం అదే, అందులో వెతికినా ఒక్క అబద్ధం దొరకలేదు.