జయరామప్పకు వేసిన విస్తరి

పద్మనాభం జయరామప్పకు స్నేహితుడు కాడు. ఇందులో వాదించడానికేమీ లేదు.

1997లో వాళ్ళిద్దరినీ కలిపింది ఒక బడి. హోసకోట అవతల పల్లెలో కూలిన బడిని మళ్ళీ కట్టడానికి బెంగుళూరు నుంచి కొందరు ఆదివారాలు వెళ్ళేవారు. విసుగు పుట్టి ఒక్కొక్కరే మానేశారు. చివరికి మిగిలింది బళేపేటలో ఇనుపసామాన్ల కొట్టు నడిపే జయరామప్ప, బట్టల కొట్టు గుమాస్తా పద్మనాభం. భార్య పోయాక జయరామప్ప నోరు విప్పి మాట్లాడింది పద్మనాభంతోనే, అదీ సున్నం కలుపుతూ. ఊరివాళ్ళు గట్టు మీద కూర్చుని చూసేవారు.

మరుసటి ఏడాది, జ్వరంతో రెండు వారాలు పడుకున్న జయరామప్ప ఒక ఆదివారం పొద్దున్నే లేచాడు. పెద్దల అమావాస్య. తుపాను వానలు దిగేలోగా బడికి కప్పు పడకపోతే గోడలు నానిపోతాయి. కాసిని పెంకులు పరిచి సాయంత్రానికి తిరిగి రావాలని బస్సెక్కాడు.

ఊళ్ళో దిగేసరికి మబ్బు కమ్మి ఉంది. గాలి లేదు. కుళాయి దగ్గర పుల్లమ్మ తప్ప వీధిలో మనిషి లేడు. ఆదివారాలు వీళ్ళకు వండిపెట్టేది ఆమే.

“ఏం పుల్లమ్మా, ఊరంతా యాడికి పోయినారు?”

బిందె పొర్లుతున్నా ఆమె కుళాయి కట్టలేదు. ఆయన మీదనుంచి చూపు తీయకుండా వెనక్కి వెనక్కి నడిచి సందులో మాయమైంది. పక్కింటి తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది.

జయరామప్ప ఎప్పటిలాగే చేల అడ్డదారిన బడి వెనక్కి వెళ్ళి, చువ్వలు పెట్టని కిటికీలోంచి లోపలికి దిగాడు. తలెత్తి చూస్తే సగం కప్పు పడి ఉంది. ఎవరు వేశారో తెలియదు. నేలమీద దీపం. దాని ముందు విస్తట్లో రాగిముద్ద, కోడికూర, ఉలవల సారు, ఓళిగలు. అన్నీ ఆయనకిష్టమైనవే. పక్కన బీడీకట్ట. పీట మీద, సున్నపు మరకల తన పాత చొక్కా. దానికి పూలదండ.

ఆయన ఏటా భార్యకూ ఇలాగే పెడతాడు. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వడ్డించి, వాళ్ళు వచ్చి తినేదాకా తలుపు మూసి బయట నిలబడతారు. జ్వరంలోనే పోయానేమో అనిపించింది. కానీ ఆకలి వేస్తోంది. కూర్చుని తిన్నాడు.

తలుపవతల పుల్లమ్మ గొంతు వినిపించింది. “ఆయప్పే. కుళాయికాడ నిలబడుండాడు. నీడ కూడా లేదు.”

“లోపల ముద్ద మింగే సద్దు అయితా ఉండాది,” అన్నారెవరో.

తలుపు తెరుచుకుంది. ఖాళీ విస్తరి ముందు జయరామప్ప వేళ్ళు నాకుతున్నాడు. ఊరు ఊరంతా పరుగెత్తింది. గుమ్మంలో గుండుతో పద్మనాభం మిగిలాడు. లోపలికొచ్చి తలుపు మూశాడు.

“ఎందుకొచ్చినావప్పా?”

“నేను సచ్చినానని ఎవరు చెప్పినారు?”

“ఎవరూ చెప్పలా. తిరుపతిలో గుండు కొట్టించుకొని ఒకడినే వస్తిని. అప్పుడే కంట్లో సున్నం పడి నీళ్ళు కారతా ఉండె. వాళ్ళే అనుకొనేసినారు.”

“కాదని చెప్పలేదా?”

“చెప్దామని నోరు తెరిస్తిని. అంతలో ఒకాయప్ప వాసాలు తెచ్చె. ఆడోళ్ళు పెంకులు మోసిరి. ఇన్నాళ్ళూ ఒక రాయి ఎత్తనోళ్ళు నీ పేరు చెప్పి సగం కప్పేసినారు. మిగతాది పడేదాకా సుమ్మనే నోరెత్తకుండా సచ్చిపోయుండు.”

జయరామప్ప విస్తరి మడిచాడు.

“జ్వరంతో పడుకొనుంటే చూడ్డానికి రాలేదే?”

“వస్తే నువ్వు లేచి నాతోపాటు బస్సెక్కుతావని బయపడితిని.”

జయరామప్ప లేచి బయటికి నడిచాడు. “నేను బతికే ఉండాను!” అని దూరాన ఉన్న గుంపుకు వినపడేలా అరిచాడు.

పుల్లమ్మ ఒక్కతే ముందుకొచ్చి దండం పెట్టింది. “పోయినోళ్ళంతా మొదట్లో అట్లే అనుకుంటారప్పా. నీకిష్టమైనవన్నీ పెడితిమి కదా. మిగతా కప్పు మేమేసుకుంటాం. సుఖంగా పో.”

ఆమె ఏడుస్తోంది. ఆమె కంట్లో సున్నం లేదు. భార్య పోయాక ఆయన కోసం ఎవరైనా ఏడవడం అదే మొదలు. ఎదురు చెప్పలేక వెళ్ళి బస్సెక్కాడు.

కప్పు వానలకు ముందే పడింది. ఆ సంగతి చెప్పడానికి పద్మనాభం బళేపేట వచ్చాడు.

“బడి గోడ మీద నీ పేరు రాసినారప్పా. ముందర కీర్తిశేషులు అని ఉండాది. కొన్నాళ్ళు పోనీ, చెరిపిస్తా.”

జయరామప్ప షట్టరు దించాడు. “ఆ ఊరి మాట నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తద్దు.”

జయరామప్ప ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, ఎవరినీ ఎత్తనివ్వలేదు.